మింగని గుక్కలు

అక్టోబరు 9

ఇవాళ కూడా ఆయన వంటకి వంక పెట్టలేదు.

పెళ్లయిన కొత్తలో ఉల్లిపాయ కాస్త ఎక్కువ వేగితే చాలు, మెట్లమీదే కనిపెట్టేసేవారు. చెప్పులు విప్పుతూనే "మాడింది" అనేవారు. నూనె మార్చినా, సబ్బు మార్చినా, నిన్నటి కూర వేడి చేసి పెట్టినా తెలిసిపోయేది. ఆయన పనిచేసే చోట అందరూ ఆయన్ని ముక్కుగారు అంటారు. పాత వైన్లు కొని అమ్మే పెద్ద దుకాణం అది. వాసన చూసి, రుచి చూసి, ఏది ఎలాంటిదో చెప్పడమే ఆయన ఉద్యోగం. అలాంటి మనిషికి వండిపెట్టడం రోజూ పరీక్ష రాసినట్టే ఉండేది. నేనేమో ఐదో తరగతి దాటి పరీక్ష రాసినదాన్ని కాదు.

జ్వరం తగ్గిన దగ్గర్నుంచి ఆయన మెత్తబడ్డారు. ఏది పెడితే అది తింటున్నారు. జ్వరంలో నేను పక్కనుండి చూసుకున్నానని గుర్తుపెట్టుకున్నారేమో.

అక్టోబరు 12

వంక పెట్టలేదు.

అక్టోబరు 15

పాలు పొయ్యి మీద పెట్టి, కింద ఇస్త్రీ కొట్టులో దుప్పట్లు ఇచ్చి రావడానికి వెళ్లాను. మేముండేది ఆ కొట్టు పైన రెండు గదుల్లో. ఇస్త్రీ ఆయన మాటల్లో పెట్టాడు. మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి తల పైకెత్తి, "అమ్మా, మీ ఇంట్లో ఏదో మాడుతోంది" అన్నాడు.

పరిగెత్తుకుంటూ పైకి వచ్చాను. గది నిండా పొగ. పొయ్యికి రెండడుగుల దూరంలో కుర్చీలో ఆయన పేపరు చదువుతున్నారు. పొగ కళ్లలోకి వచ్చాక గానీ తల ఎత్తలేదు. అత్తయ్య దగ్గుకుంటూ పక్క గదిలోంచి వచ్చి, "కొంపంటుకున్నా పేపరు చదవడం అయ్యాకే లేస్తావట్రా?" అంది. ఆయన నవ్వారు. నవ్వుతున్నప్పుడు ఆయన మొహం చూశాను.

చాలాసేపు గిన్నె తోముతూ కూర్చున్నాను. నా వంట బాగుపడలేదు. ఆయన మనసూ మెత్తబడలేదు.

అక్టోబరు 18

ఆయనే చెప్పారు. నేను ఆరిన బట్టలు మడత పెడుతుంటే గోడవైపు చూస్తూ చెప్పారు. పులుపు తెలుస్తోందట, తీపి తెలుస్తోందట, ఉప్పూ కారమూ తెలుస్తున్నాయట. "మిగతాదంతా గోడ" అన్నారు. జ్వరంతో పాటు పోయింది, జ్వరం వెళ్లింది గానీ అది తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. అమ్మకి కూడా.

అయ్యో అనుకోవాల్సిందే. అనుకున్నాను కూడా. కానీ ఆయనకీ నాకూ మధ్య మూడోవాళ్లకి తెలియని మాట ఒకటి ఉండటం ఇదే మొదలు. కాస్త సంతోషం వేసింది. ఇది ఎక్కడా పైకి అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అక్టోబరు 21

పేరున్న డాక్టరొకాయన పోయారు. బతికున్నన్నాళ్లూ నేలమాళిగలో వైను సీసాలు పోగేశారట. కొన్ని నా వయసుకి రెట్టింపు పాతవి. అవన్నీ మా ఆయన యజమాని కొన్నారు. ఒక్కో పెట్టెలోంచి ఒక్కో సీసా తెరిచి, లోపలిది బతికుందా పోయిందా, బతికుంటే ఎలా ఉంది అని రాయాలి. రాసింది అచ్చు వేయించి కొనేవాళ్లకి పంపుతారు. రాయాల్సింది ముక్కుగారు.

ఎప్పుడూ అక్కడే తినే మనిషి మధ్యాహ్నం ఇంటికి వచ్చారు. అత్తయ్య లోపల కునుకు తీస్తోంది. కోటు లోపలి జేబులోంచి దగ్గుమందు సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. వాటిలో ఎర్రగా ఏదో ఉంది. తలుపు దగ్గరగా వేసి, "తొందరగా రా. పాత వైను మూత తీశాక ముసలాళ్ల తెలివిలాంటిది. కాసేపే ఉంటుంది" అన్నారు.

నేను పుట్టి బుద్ధెరిగి అలాంటిది నాలుక మీద పెట్టలేదు. తాగి వచ్చేవాళ్లు వీధిలో వెళ్తుంటే కిటికీ వేసుకునే ఇంట్లో పెరిగాను. ఆ మాటే అన్నాను. తాగమనడం లేదు, మింగకు, పుక్కిలించి ఉమ్మెయ్ అన్నారు. కూర గిన్నె ఒకటి తెచ్చి పక్కన పెట్టారు.

ముందు గ్లాసు తెల్లగుడ్డ మీద వంచి రంగు చూడాలి. నడుమ ఇటుక రంగు, అంచుల్లో బట్ట మీద తుప్పు మరక ఉతికాక మిగిలినట్టు లేత రంగు. తరవాత గ్లాసు తిప్పాలి, ముక్కు లోపలికి పెట్టాలి, తరవాత గుక్క. నోట్లో ఉండగానే పెదాల మధ్య నుంచి కాస్త గాలి లోపలికి లాగాలి. చివర ఉమ్మాలి. అన్నీ చేశాను గానీ కట్టుకున్నవాడి ఎదురుగా ఉమ్మడం చేతకాలేదు. నోరు నింపుకుని కూర్చున్నాను. బుగ్గలు మండాయి. గోడవైపు తిరిగి ఉమ్మాను.

"సిగ్గుపడటానికి టైము లేదు. ఎలా ఉంది?"

"పుల్లగా ఉందండి."

"అది నాకూ తెలుసు. వాసన చెప్పు."

సిరా వాసన. వానకి నానిన గోడ వాసన. దీనికోసమా లోకం వెర్రెత్తిపోతోంది అనుకున్నాను. అనలేదు. మళ్లీ వాసన చూడమన్నారు. మళ్లీ చూస్తే గోడ వెనక ఇంకేదో ఉంది. "అటక మీద పెట్టె తెరిచినట్టుందండి. అందులో ఎవరో ఎండుపళ్లు పెట్టి మరిచిపోయినట్టు" అన్నాను. ఆయన పెన్సిలు గబగబా కదిలింది. "ఆ, ఇంకా?" అంటూ నా మొహంలోకి చూశారు. పెళ్లయ్యాక ఆయన నా మొహంలోకి అంతసేపు చూడటం నాకు గుర్తులేదు.

ఆయన వెళ్లాక అద్దంలో చూసుకుంటే పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

అక్టోబరు 24

రోజూ వస్తున్నారు. పదకొండు దాటేసరికి మొహం కడుక్కుంటున్నాను. సబ్బు వద్దన్నారు, పౌడరు వద్దన్నారు, తలకి నూనె వద్దన్నారు. వైను వాసనకి అడ్డమట. ఏ వాసనా లేకుండా ఆయన ఎదురుగా కూర్చుంటున్నాను.

అక్టోబరు 29

ఇవాళ తెచ్చిన ఎర్రవైను ఏమీ చెప్పలేదు. ఎంత తిప్పినా నీళ్లలా ఉంది. పోయిందేమో అన్నాను. ఆయన రంగు చూసి తల అడ్డంగా ఊపారు. "ఆగు. కొన్ని ఇలాగే ఉంటాయి. సిగ్గు. తొందరపెట్టకూడదు, గాలి తగలనివ్వాలి."

చేతులు కట్టుకుని ఇద్దరం ఆ గ్లాసు ముందు కూర్చున్నాం. ఆయన విసుక్కోలేదు. గడియారం చూడలేదు. కింద ఇస్త్రీ పెట్టె బల్లమీద పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొంతసేపటికి గ్లాసులోంచి ముందు తడిమట్టి, తరవాత నలిపిన ఆకు, ఆ తరవాత తీయగా, ఎరుపంటే ఇదీ అన్నట్టు ఒక వాసన లేచింది. నేను నోరు తెరిచి నవ్వాను. "చూశావా, సిగ్గుపడేవాటి దగ్గరే ఎక్కువ ఉంటుంది. ఓపిక పట్టాలంతే" అన్నారు.

నేను ఈ ఇంటికి వచ్చి రెండేళ్లవుతోంది.

నవంబరు 2

తెల్లవైను ఒకటి. తెల్ల అంటారే గానీ రాగి బిందె రంగు. తేనె కాగి కాస్త మాడితే, నారింజ తొక్క పొయ్యి గట్టు మీద ఎండితే, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి పక్కనుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఉమ్మబుద్ధి కాలేదు. ఉమ్మాను.

రెండోది చాలా పాత ఎరుపు. డాక్టరుగారి పెళ్లినాటి సీసాయట. ముక్కు పెట్టగానే నాకు కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. నాన్న పుస్తకాలకి అట్టలు కుట్టేవాడు. తోలు, వండిన జిగురు, కాగితం పొట్టు, వీటన్నిటి కింద నాన్న మెడ దగ్గర చెమట. నన్ను ఒళ్లో కూర్చోపెట్టుకుని పాడైపోయిన కాగితాల మీద అక్షరాలు దిద్దించేవాడు. పోయి ఆరేళ్లయింది. ఎవరో సీసాలో పెట్టి బిరడా బిగించి నాకోసం దాచినట్టు అనిపించింది.

"ఏంటి? ఏం వాసన?" అన్నారు ఆయన.

"నాన్న" అన్నాను.

ఆయన తోలు అని రాసుకున్నారు.

నవంబరు 5

అత్తయ్యకి తెలిసిపోయింది. మధ్యాహ్నం పూట తలుపులు దగ్గరగా వేసుకోవడం చూసి ఇన్నాళ్లూ కుర్రజంట కదా అని దుప్పటి కప్పుకుని పడుకుందట. ఇవాళ మంచినీళ్లకి లేచి తలుపు తోసింది. నా చేతిలో గ్లాసు, ముందు గిన్నె, ఎదురుగా కొడుకు పెన్సిలు పట్టుకుని.

ఆవిడ ముక్కున వేలేసుకుంది. "మొగుడు తాగొచ్చి కొట్టే ఇళ్లు చూశాను. మొగుడు పక్కన కూర్చుని పోసి తాగించి, ఎలా ఉందే అని రాసుకునే ఇల్లు ఇదే చూడటం. నీ తాతలు దిగొచ్చి చూస్తే సంతోషిస్తార్రా" అంది.

ఆయన నసిగి నసిగి అసలు సంగతి చెప్పారు. ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుని వాసన చూసి, "ఎలక చచ్చిన కంపు. దీన్ని కొనేవాళ్లున్నారా?" అని లోపలికి వెళ్లి పడుకుంది.

నవంబరు 11

అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నారట. ముక్కుగారు ఇంత బాగా ఎప్పుడూ రాయలేదన్నారట. ఆయన అది నా ఒళ్లో పడేసి, "చదువు, చదవగలవుగా?" అన్నారు.

కూడబలుక్కుంటూ చదివాను. అటక మీద పెట్టె లేదు. పాత దేవదారు చెక్క అని ఉంది. ఎండుపళ్లు ఉన్నాయి గానీ మరిచిపోవడం లేదు. నాన్న ఉన్నచోట ఉత్తమమైన తోలు అని ఉంది. ఉత్తమమైన అనే మాట ఆయన కలిపారు. అంతవరకు బాగానే ఉంది.

బజారుకి వెళ్తే ఇప్పుడు అన్నీ నన్ను పిలుస్తున్నాయి. గోనెసంచులు, చెప్పుల దుకాణం, వాన పడబోయే ముందు రోడ్డు. ఒక్కోదాని ముందు నిలబడి మాట వెతుక్కుంటున్నాను. మధ్యాహ్నం ఆయనకి చెప్పాలని దాచుకుంటున్నాను.

నవంబరు 16

రెండు రోజులుగా కింది నుంచి వచ్చే ఇస్త్రీ ఆవిరి భరించలేకపోతున్నాను.

నవంబరు 20

డాక్టరమ్మ అవునంది. చుక్క కూడా ముట్టకూడదని, సారా, వైను, ఏదైనా సరే అని తనంతట తనే చెప్పింది. నా మొహంలో ఏం కనిపించిందో.

మధ్యాహ్నం ఆయన సీసాలు వరస పెడుతుంటే చెప్పాను. తల వంచుకుని, బల్ల అంచు గోకుతూ చెప్పాను. చెప్పి ఆగాను. చెయ్యి ఆగింది ఆయనకి. నా మొహంలోకి చూశారు.

"వాసనలేమైనా మారాయా?" అన్నారు.

అదే అడిగారు. మొదట అదే అడిగారు.

మారాయి. వారంగా అన్నీ మారాయి. అన్నం ఉడుకుతుంటే తుప్పు. సబ్బుకి కుక్క వాసన. ఆయన చొక్కాకి నూనె పాత్రలో నానిన గుడ్డ వాసన. మారాయని చెబితే రేపటినుంచి ఆయన మధ్యాహ్నం ఇంటికి రారు.

"లేదండీ" అన్నాను. ఆయన ఊపిరి వదిలారు. మింగకుండా ఉమ్మేస్తే ఏం కాదులే అన్నారు.

నవంబరు 21

సంతోషంతో మాట రాలేదేమో ఆయనకి. మగవాళ్లకి అలా అవుతుందంటారు.

నవంబరు 25

ఇవాళ తెచ్చిన మూడింటికీ ఒకటే వాసన. నా నోటి వాసన, ఇత్తడి నమిలినట్టు. పోయిన నెల చెప్పిన మాటలే అటూ ఇటూ మార్చి చెప్పాను. ఆయన రాసుకున్నారు. తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది?

ఆయన వెళ్లాక వాంతి చేసుకుంటుంటే అత్తయ్య వీపు రాసింది. ఇంకా ఆ కంపు నోట్లో పోసుకుంటున్నావా అని తిట్టింది. ఆయనకి అవసరం కదా అన్నాను. ఆవిడ నా నోరు తుడుస్తూ, "మీ మావయ్యకి నా చేతి వంట లేకపోతే ముద్ద దిగేది కాదు. ఆ చేతికి అవతల నేనున్నానని ఆయనకి ఎప్పుడైనా తట్టిందో లేదో. అడుగుదామనుకునేలోపు పోయాడు. నువ్వు బతికుండగానే అడుగమ్మాయ్" అంది.

ఏమని అడుగుతారు అలాంటిది?

నవంబరు 30

ఎల్లుండి దుకాణం పైనున్న హాల్లో పెద్ద కొనుగోలుదార్లని పిలుస్తున్నారు. డాక్టరుగారి సీసాల్లో అన్నిటికన్నా పాతవి, ఒకే పెట్టెలో మిగిలినవి, వాళ్ల ఎదురుగానే తెరుస్తారు. ఒక్కోటి తెరవగానే ముందుగా ముక్కుగారు లేచి నాలుగు మాటలు చెప్పాలి. ఇంటివాళ్లని కూడా తీసుకురావచ్చన్నారట. అందుకని నేను.

ఏర్పాటు ఇది: గ్లాసు నాకూ ఇస్తారు. వైను బాగుంటే గ్లాసు బల్ల మీద అలాగే ఉంచాలి. పాడైతే చేతిగుడ్డ తీసి దాని పక్కన పెట్టాలి. మిగతాది ఆయన చూసుకుంటారు. నాతో అద్దం ముందు రెండుసార్లు చేయించారు. "నా ఉద్యోగం నీ చేతిలో ఉంది" అన్నారు. నవ్వుతూ అన్నారు గానీ నిజమే అది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది అప్పుడు.

డిసెంబరు 2

వెళ్లొచ్చాం.

పొడుగు బల్ల, తెల్లగుడ్డ, లెక్కపెట్టలేనన్ని గ్లాసులు. నా పెళ్లికి కుట్టించిన బట్టలు నడుము దగ్గర బిగుతయ్యాయి. ఎదురుగా వెండిజుట్టు పెద్దావిడ కూర్చుంది. ఎక్కడెక్కడి సీసాలూ కొనే మనిషట. "కొత్తగా పెళ్లయిందా అమ్మా?" అంది. తల ఊపాను. "మీ ఆయన రాసింది చదివాను. చక్కగా రాశారు. మరిచిపోయిన ఇంట్లోకి వెళ్లినట్టుంది" అంది.

సీసాలు తెరిచే పెద్దమనిషిని అందరూ బిరడాలాయన అంటారు. మెడ వెనక దీపం పెట్టి, మడ్డి పైకి రాకుండా, పసిపిల్లని పడుకోబెడుతున్నట్టు సీసా వంచుతాడు. మొదటి రెండూ తెరిచాడు. నాకేమీ తెలియలేదు, ఇత్తడే. చుట్టూ మొహాలు చూశాను. వెలుగుతున్నాయి. గ్లాసు అలాగే ఉంచాను. ఆయన లేచి చెప్పారు. అందరూ తలలు ఊపారు. ఇలాగే గట్టెక్కుతామనుకున్నాను.

మూడోది అన్నిటికన్నా పాతది. బిరడా విరిగి ముక్కలుగా వచ్చింది. ముందు మాకే పోశారు, ఆయనకీ నాకూ. ముక్కు దగ్గర పెట్టాను. నానిపోయిన అట్టపెట్టె. బూజు. ఏళ్ల తరబడి తలుపు తీయని స్నానాలగది.

చేతిగుడ్డ మీదికి చెయ్యి వెళ్లింది. అక్కడ ఆగింది. రెండు వారాలుగా నాకు ఏది శుభ్రంగా ఉంది గనక? సబ్బు కంపే, అన్నం కంపే, కట్టుకున్నవాడి చొక్కా కంపే. ఇంత పాత సీసాని, ఇంతమంది దణ్ణం పెట్టినట్టు చూస్తున్న సీసాని, నా కడుపులో వికారం చూసి పాడైందని ఎలా చెప్పను? ఇది వైను కాదు, నేనే అనుకున్నాను. చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను.

ఆయన లేచి నిలబడ్డారు. గ్లాసు దీపానికి ఎత్తిపట్టి చూశారు. ఒక గుక్క తీసుకుని కళ్లు మూసుకున్నారు. పాత దేవదారు అన్నారు. ఉత్తమమైన తోలు అన్నారు. ఒక తండ్రి చదువుకునే గదిలోకి అడుగుపెట్టినట్టుంది అన్నారు. గొంతు కూడా కాస్త వణికించారు.

ఆయన మాట్లాడుతుండగానే మిగతావాళ్లకి పోశారు. ఒక్కొక్కరూ గ్లాసు ఎత్తారు, దించారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. బిరడాలాయన విరిగిన ముక్కలు అరచేతిలో పెట్టుకుని వాసన చూసి, యజమాని వైపు చూశాడు. పెద్దావిడ మెల్లిగా, మర్యాదగా అంది, "ఇది పోయిందండీ. బిరడాకి బూజు పట్టింది. గుమ్మం దగ్గర నిలబడినా తెలుస్తోంది."

ఎవరో నవ్వబోయి దగ్గారు. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. నా చేతిగుడ్డ వైపు చూశారు. తరవాత నావైపు.

నా ముక్కు సరిగ్గానే చెప్పింది. నేనే నమ్మలేదు.

డిసెంబరు 3

మాట్లాడలేదు.

డిసెంబరు 4

మాట్లాడారు. కావాలనే చేశానన్నారు. నలుగురిలో నవ్వులపాలు చేయాలని కాచుకు కూర్చున్నానన్నారు. నాకు వాసనలు మారిపోయాయని, ఇరవయ్యో తారీకు నాడే అబద్ధం చెప్పానని చెప్పాను. ఎందుకు చెప్పావన్నారు. చెబితే మీరు మధ్యాహ్నాలు రారని అన్నాను. అంతకన్నా విడమర్చి చెప్పడం నాకు రాదు.

ఆయనకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఆ మొహం చూస్తే తెలిసింది. "రాకపోతే ఏం?" అన్నారు.

డిసెంబరు 17

ఉద్యోగం తీసేయలేదు. కింద గోదాములో వేశారు. సీసాల చుట్టూ గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దించడం పని. ఈ కబురు బిరడాలాయన తెచ్చాడు. మా ఆయన తన నోటితో చెప్పలేదు. ముక్కుగారు అనడం మానేశారట. ఏమంటున్నారని అత్తయ్య అడిగితే బిరడాలాయన ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. దాన్నిబట్టి ఏదో అంటున్నారు.

సాయంత్రం ఆయన కోటు దులిపితే గడ్డిపరకలు రాలాయి. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదే కదా. నాదేనా?

డిసెంబరు 26

కడుపు కనిపిస్తోంది. ఆయన చూడలేదు. చూడాలంటే ఇటు తిరగాలి.

జనవరి 19

పొద్దున లేచి కిటికీ తెరిస్తే ఇస్త్రీ ఆవిరి వచ్చింది. గంజి, వేడి నూలుబట్ట, బొగ్గు. బాగుంది. మళ్లీ పీల్చాను. పరిగెత్తి సబ్బు వాసన చూశాను, సబ్బే. అన్నం అన్నమే. అత్తయ్య చీర కొంగు పట్టుకుని వాసన చూస్తుంటే, "కుక్కపిల్లలా ఏంటే ఇది?" అంది. వచ్చేసిందత్తయ్యా అన్నాను.

"వాడికి చెబుతావా?" అంది.

చెప్పనా? ఈ సాయంత్రం చెప్పేస్తాను. రేపు చెబుతాను.

జనవరి 28

చెప్పలేదు.

ఫిబ్రవరి 3

మధ్యాహ్నం మెట్లమీద ఆయన అడుగుల చప్పుడైంది. మొహం కడుక్కోవాలనిపించింది. కడుక్కోలేదు.

మొహంలో కళ వచ్చింది ఆయనకి. వేరే ఊరి వ్యాపారి ఒకాయన అచ్చయిన కాగితం చూశాడట. హాల్లో జరిగింది కూడా విన్నాడట, అయినా ఏనుగంతటిది కూడా ఒకసారి కాలు జారుతుందిలే అన్నాడట. రమ్మంటున్నాడు. ఇంతకన్నా పెద్ద ఉద్యోగం. నాతో ఇన్ని మాటలు వరసగా చెప్పి రెండు నెలలైంది. చెబుతూనే జేబులోంచి చిన్న సీసా తీశారు. గోదాములో ఒకటి పగిలితే అడుగున మిగిలింది పట్టానన్నారు. గ్లాసులో పోసి నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూశారు.

అదే చూపు. ఇన్నాళ్లూ దానికోసమే ఎదురుచూశాను, కాదని ఎందుకు రాయాలి.

"మింగొద్దు. ఉత్త వాసన చూడు. ఇప్పటికి కుదుటపడి ఉంటుందిగా?"

గ్లాసు ఎత్తి వాసన చూశాను. చాలాసేపు చూశాను. ఆయన పెన్సిలు తీసి సిద్ధంగా పట్టుకున్నారు. నేను చెప్పే మాట కోసం ఆ కళ్లు ఎంత ఆశగా ఉన్నాయో. ఒక్క మాట చెబితే ఊరు మారతాం, ఆయన మళ్లీ ముక్కుగారవుతారు, రోజూ మధ్యాహ్నం ఇంటికి వస్తారు. చెప్పకపోతే గడ్డి. ఆయనకీ నాకూ పుట్టబోయేవాళ్లకీ అదే. ఈ లెక్క నాకు తెలుసు.

"నీళ్ల వాసనండి" అన్నాను.

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"ఇంకోసారి చూడు."

చూశాను. తల అడ్డంగా ఊపాను.

ఆయన పెన్సిలు చివర కొరికారు. "పురుడయ్యాక వస్తుందేమో? డాక్టరమ్మ ఏమంటోంది?" అన్నారు. పురుడు అనే మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

రాదంటోంది అన్నాను. ఇక రాదట.

ఆయన మొహం తిప్పుకున్నారు. దీపం ఒత్తి తగ్గించినట్టు కొద్దికొద్దిగా కాదు, ఒక్కసారే. లేచి కోటు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. గ్లాసు బల్ల మీదే వదిలేశారు.

నేను కదలలేదు. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, నన్నూ గ్లాసునూ చూసి వెనక్కి వెళ్లింది. సాయంత్రందాకా దాని ముందు కూర్చుని వాసన చూస్తూనే ఉన్నాను. డాక్టరుగారి సీసాలన్నిటిలోకీ ఇలాంటిది లేదు.

అది ఎలా ఉందో ఇక్కడ కూడా రాయను.